ముందర సాకులు

మా చిత్తూరు పక్క మనుషులకు 'ష' పలకాలంటే బద్ధకం. షాపు మాకు సాపు, షర్టు సర్టు. మోటారు బండి ముందు చక్రానికి అటొకటి ఇటొకటి ఉండే షాకులు మాకు సాకులు. బండి గుంతలో పడ్డప్పుడు ఆ దెబ్బ చేతులకు ఎక్కకుండా, ఒకదాంట్లో ఒకటి జారుతూ లేస్తూ ఉండే గొట్టాలు అవి. లోపల నూనె ఉంటుంది. ఆ నూనె బయటికి రాకుండా మెడ దగ్గర రబ్బరు సీలు ఒకటి పట్టుకుని ఉంటుంది. సీలు అరిగితే నూనె కారుతుంది. ఇంతవరకు ఏ మెకానిక్కును అడిగినా చెప్తాడు. నేను చెప్పేది మా మామ బండికి సాకులు కారిన సంగతి.

మామ అంటే మా అమ్మకు అన్న. నాకు ఊహ తెలిసీ తెలియని వయసులో అమ్మ పోయింది. నాయన ఇంకో పెళ్ళి చేసుకుని ఆయన దారి ఆయన చూసుకున్నాడు. పూతలపట్టుకు కొంచెం లోపలగా ఉన్న తన పల్లెకు మామ నన్ను తెచ్చుకున్నాడు. ఆ ఇంట్లో అప్పటికే అత్త ఉంది, నాకంటే కాస్త పెద్దవాడు బావ ఉన్నాడు, రెండావులున్నాయి, ఒక ఎర్ర బండి ఉంది. పెంచడాన్ని మావైపు సాకడం అంటారు. ఆవులతో పాటే దీన్నీ సాకినాము, ఆవులే నయం, ఎదురు మాట్లాడవు అని అత్త ఇప్పటికీ వేళాకోళం చేస్తుంది. నాకు ముక్కు మీద కోపం, ఆ మాట నిజమే.

చిన్నప్పుడు నా చోటు బండి ట్యాంకు మీద. మామ నన్ను ముందర కూర్చోబెట్టుకుని చిత్తూరు బెల్లం మండీకి తీసుకుపోయేవాడు. ఎండాకాలం అయితే ట్యాంకు మీద తడిగుడ్డ పరిచేవాడు. ఆయన గడ్డం నా నడినెత్తికి తగులుతూ ఉండేది. నేను తల వంచి కిందికి చూసేదాన్ని. మెరిసే రెండు గొట్టాలు లోపలికి దిగి మళ్ళీ పైకి వచ్చేవి. రోడ్డుకు రెండు పక్కలా అప్పుడు చింతచెట్లు ఉండేవి. నీడ, వెలుతురు, నీడ, వెలుతురు ఆ గొట్టాల మీద జారిపోయేవి. చూస్తూ చూస్తూ ఎప్పుడు నిద్రపోయేదాన్నో తెలిసేది కాదు. కళ్ళు తెరిస్తే మండీలో ఉండేదాన్ని, లేదా ఇంటి ముందర ఉండేదాన్ని. మధ్యలో ఊళ్ళు ఏమయ్యాయో నాకు తెలియదు. ఇప్పటికీ నా బాల్యం అంటే నాకు ముందు గుర్తొచ్చేది బడీ కాదు, ఆటలూ కాదు, ఆ కునుకే.

ఆ కునుకులోనే పెద్దదాన్నయ్యాను. బావకు నన్నే ఇస్తారని ఊళ్ళో అందరూ అనుకునేవాళ్ళు. మాలో మేనరికం అంటే అడిగేదీ లేదు, చెప్పేదీ లేదు, అదంతే. బావకూ నాకూ మాత్రం ఆ మాట వింటే నవ్వు వచ్చేది. ఒకే దుప్పటి కోసం కొట్టుకుని పెరిగినవాళ్ళం, మొగుడూ పెళ్ళాలుగా ఎట్లా ఊహించుకుంటాం. నాకు శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది. కార్లకు పోయే నీళ్ళ పంపుల్లో రబ్బరు సీళ్ళు కూర్చోబెట్టే లైన్లో పని. అక్కడే నా భర్త పరిచయం అయ్యాడు. ఒంగోలు వైపు మనిషి. మామకు చెప్పాను. ఆయన చాలాసేపు ఆవుకు గడ్డి వేస్తూనే ఉండిపోయి, సరే అన్నాడు. పెళ్ళి ఆయనే చేశాడు, కాళ్ళు ఆయనే కడిగాడు. బావ అందరికంటే ఎక్కువ తిన్నాడు. మేము తిరుపతిలో ఇల్లు తీసుకుని కాపురం పెట్టాం.

ఆ ఇంటికి మామ రాలేదు. రెండేళ్ళయింది, రాలేదు. అత్త వచ్చింది, బావ తన పెళ్ళాంతో వచ్చి రెండు రోజులు ఉండి పోయాడు. మామ మాత్రం పిలిచినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేవాడు. చెరుకు నరకాలి అనేవాడు, ఆవు ఈనేటట్టుంది అనేవాడు. నేను పల్లెకు పోతే ఎప్పటిలాగే ఉండేవాడు, మామిడిపండ్లు గంపకెత్తేవాడు, బస్సు ఎక్కించేవాడు. నా గడప మాత్రం తొక్కడు. కోడలు కాలేదని కోపం అని నేను తీర్మానించుకున్నాను. ఆయన వస్తాడా రాడా అన్నది లోపల ముల్లులాగా ఉండిపోయింది. ఎవరింటికి వాళ్ళ పుట్టింటివాళ్ళు వచ్చినా నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగేవి. నన్ను సాకిన మనిషి నేను ఎట్లా బతుకుతున్నానో ఒక్కసారి వచ్చి చూడడా అని ఉండేది.

ఒక సాయంత్రం ఫోన్ స్పీకర్లో పెట్టి, పోపు వేస్తూ మళ్ళీ రమ్మన్నాను. మామ చెప్పాడు.

"యాడొచ్చేది పాపా. బండికి ముందర సాకులు కారతా ఉండాయి. అవి బాగయినంక వస్తాలే."

నా భర్త వెల్లుల్లి ఒలుస్తున్నాడు. ఫోన్ పెట్టేశాక, పెదనాన్నగారు నిజాయితీపరుడు, ముందర సాకులు చెప్తున్నానని ఆయనే ఒప్పేసుకున్నాడు అన్నాడు. వరసకు మా మామ ఆయనకు పెదనాన్న అవుతాడు. కారడం కూడా మా సీమ మాటల్లో ఏదో ఒకటి అయి ఉంటుందనుకున్నాడట. నేను పొయ్యి కట్టేసి కూర్చుని నవ్వాను. సాకులంటే వంకలు కాదయ్యా, షాకులు అని విడమరిచి చెప్పాను. ఆయనా నవ్వాడు. నవ్వంతా అయ్యాక ఆలోచనలో పడ్డాను. పూతలపట్టు కూడలిలో నిలబడితే తిరుపతికి బస్సుల కొరత లేదు. అదే బండి మీద మామ రోజూ మండీకి పోతున్నాడు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, పాపం బండిని అంటున్నాడు. నా భర్త పొరపాటుగా విన్నదే సరైన అర్థం అని నాకు అప్పుడు తట్టింది.

కోపం వచ్చింది. సరే, సాకు బాగయితే వస్తావు కదా, బాగు చేసి చూపిస్తాను అనుకున్నాను. ఆ వారం సెలవు రోజున తిరుపతిలో స్పేర్ పార్టుల సాపుకు పోయి ఆ బండికి సీళ్ళు, వాటి మీద దుమ్ము పడకుండా ఉండే టోపీలు, సాకుల్లో పోసే నూనె కొన్నాను. మెకానిక్కు ఎవరమ్మా అని అడిగాడు సాపతను. నేనే అంటే నా గాజుల వంక చూసి, సీళ్ళు తిరగేసి వేయొద్దు అని హెచ్చరించాడు. నేను రోజంతా చేసేది ఆ పనే అని అతనికి చెప్పలేదు. చెప్పాపెట్టకుండా పల్లెకు పోయే బస్సెక్కాను.

మబ్బు పట్టిన రోజు. వాన పడదు, ఎండ కాయదు, గాలి కదలదు. ఎవరో బెల్లం వండుతున్నారు, తియ్యటి పొగ తోటలన్నిటి మీదా కిందికి దిగి పడుకుని ఉంది. మామ కొట్టం ముందర కూర్చుని ఉన్నాడు. సంచిలోంచి నేను సీళ్ళు తీసి చూపించగానే ఆయన ముఖం మారింది. మెకానిక్కు దగ్గరికి తోలుకుపోతానులే, నీకెందుకు ఈ నూనె పని అన్నాడు. నేను పైట దోపుకుని స్పానర్లు అడిగాను. అత్త లోపల్నుంచి, ఇవ్వయ్యా, అది వింటాదా అని అరిచింది. ఆయన స్పానర్ల గోనెసంచి తెచ్చి నా పక్కన పెట్టి, తప్పించుకోలేక తనూ గొంతుకూర్చున్నాడు.

నిజం చెప్పాలి, సాకులు నిజంగానే కారుతున్నాయి. రెండు గొట్టాల మీదా నూనె, దాని మీద దుమ్ము, దుమ్ము మీద మళ్ళీ నూనె. అట్టలు కట్టి ఉంది. కుడి వైపు అయితే కిందికంటా జారి చక్రం మధ్యకు పోయింది. ఇంకొన్నాళ్ళయితే ముందర బ్రేకు పట్టేది కాదు. ఇట్లా పెట్టుకుని మండీకి పోతున్నావా, పడితే ఏం గతి అని తిట్టాను. వంకగా చెప్పిన మాట నిజం కూడా అయినప్పుడు మనిషిని ఎట్లా పట్టుకోవాలో నాకు తెలియలేదు.

ఇంజను కింద చెక్క దిమ్మ పెట్టి ముందు భాగం పైకి లేపాం. చక్రం తీశాం. మడ్‌గార్డు తీశాం. గొట్టాలు ఊడదీయక ముందే పైమూత వదులు చేసుకోవాలి, తీశాక అయితే పట్టుకునేదానికి ఉండదు. ఒక్కొక్కటి మెల్లగా తిప్పుతూ కిందికి లాగితే వచ్చేసింది. అన్నం తిన్నంక చేద్దామా అన్నాడు మామ. అయినంక తిందాం అన్నాను. మూత విప్పి పాత గిన్నెలో వంచితే నల్లటి నూనె చిక్కగా, సన్నటి ధారగా పడింది. ఎండుచేపల వాసన కొట్టింది. పిల్లి ఒకటి వచ్చి చూసి నిరాశపడి పోయింది. ధార ఆగి చుక్కలైంది, చుక్కలు ఆగేదాకా ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. నాకు నిద్ర వస్తున్నట్టే అయింది. ఆ గొట్టాల్ని ఊయల్లో ఉన్నదానిలాగా పైనుంచే చూశాను ఎప్పుడూ. ఇప్పుడు చేతిలో పట్టుకుంటే ఇంతేనా అనిపించింది, ఇంత బరువా అని కూడా అనిపించింది.

సీలును పట్టి ఉంచే స్ప్రింగు రింగు తీసి, కింది బోల్టు విప్పి, లోపలి గొట్టాన్ని బయటికి లాగాను. పాత సీలు రాయిలాగా గట్టిపడి ఉంది. స్క్రూడ్రైవరు కింద గుడ్డ మడిచి పెట్టి, అంచుకు గీత పడకుండా మెల్లగా లేపాను. లోపలి గొట్టం మీద ఒకచోట తుప్పు చుక్కలు తగిలాయి. సీలు కోసుకుపోయింది అక్కడే. సన్న ఉప్పుకాగితంతో నూనె వేసి రుద్దమని మామకు ఇచ్చాను. ఆయన రుద్దుతూ ఉన్నాడు. గోటితో గీసి చూసి, ఇంకా గరగర అంటా ఉండాది అని మళ్ళీ రుద్దేవాడు. పని చేతిలో పెడితే ఆయన అన్నీ మరచిపోతాడు, అది నాకు తెలుసు.

గొట్టాన్ని కడిగి, తిరిగి దాని ఒరలో దించి, కింది బోల్టు బిగించాం. ఇక కొత్త సీలు పైనుంచి జారాలి. గొట్టం అంచు పదునుగా ఉంటుంది, సీలు లోపలి రబ్బరు పెదవి తెగిందంటే చేసిందంతా గంగపాలు. అందుకని అత్తను పాలపాకెట్టు కవరొకటి అడిగి, అంచు మీద తొడిగి, గ్రీసు రాసి, దాని మీదుగా సీలును జార్చాను. ఫ్యాక్టరీలో దీనికి వేరే పనిముట్టు ఉంటుంది. ఇక్కడ బోరుకు వేసిన ప్లాస్టిక్కు పైపు ముక్క దొరికింది. గొట్టం మామ నిటారుగా పట్టుకున్నాడు, నేను పైపు ముక్కను సీలు మీద ఆనించి సుత్తితో చుట్టూ సమంగా తడుతున్నాను. ఇద్దరి తలలూ దగ్గరగా ఉన్నాయి. అప్పుడు ఆయన గొట్టం వంక చూస్తూ అడిగాడు.

"ఇది అయిపోతే నేను రావాల్నా?"

"రావాల."

"రాలేను పాపా."

నేను తట్టడం ఆపాను. కోపమా మామా అని అడిగాను. నీ మీద నాకేం కోపం అని ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. తర్వాత గొట్టం వదలకుండానే, ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అమ్మ ఆస్పత్రిలో ఉన్న చివరి రోజున నన్ను ఆయన ఒళ్ళో పెట్టిందట. పెట్టి ఒక్క మాట అడిగిందట.

"అన్నా, దీన్ని ఇడిసిపెట్టొద్దు, అనె. ఇడిసిపెట్టనులే, నా ఇంట్లోనే పెట్టుకుంటా, అంటి. కోడల్ని చేసుకోమని గదా అది చెప్పింది. పెద్దయినంక ఎవురికో ఇచ్చి పంపిస్తి. మీ ఇంట్లో దాని పటం ఉండాదంటనే. దాని ముందర ఏం మొగం పెట్టుకోని నిలబడేది."

అమ్మ పటం మా హాల్లో గోడకు ఉంది, నిజమే. అత్త చూసి వచ్చి చెప్పి ఉంటుంది. రెండేళ్ళుగా నేను అలకనుకున్నది భయం. చచ్చిపోయిన చెల్లెలికి ఎదురుపడాలంటే ఆయనకు భయం. నాకు ముందు జాలి వేసింది. ఆ వెంటనే ఒళ్ళు మండింది. చావబోతున్న మనిషి, ఒళ్ళో పెట్టిన పసిబిడ్డ, అప్పుడు ఎవరైనా పెళ్ళి మాట ఆలోచిస్తారా. మావాళ్ళే ఆలోచిస్తారు. ఆడపిల్లను పట్టుకోమంటే మేనరికం అనుకునే బుర్రలు మావి. సుత్తి కింద పెట్టాను.

"మామా, అమ్మ అడిగింది నన్ను సాకమని. సాకినావు. పెండ్లి చేసి పంపినంత మాత్రాన నువ్వు నన్ను ఇడిసిపెట్టినట్టు కాదు. ఈ రెండేండ్లూ నా ఇంటికి రాకుండా ఉండావు సూడు. ఇడిసిపెట్టడమంటే అదీ."

మాట గట్టిగానే తగిలింది. ఆయన చేతిలో గొట్టం కొంచెం పక్కకు వాలింది. సరిగా పట్టుకో, సీలు వంకరగా దిగుతుంది అన్నాను. ఆయన నిటారుగా పట్టుకున్నాడు. మళ్ళీ తట్టాను. చుట్టూ తిరిగి తట్టాను. సీలు కుదురుగా కూర్చున్నప్పుడు శబ్దం మారుతుంది, ఆ మారిన శబ్దం ఇద్దరం విన్నాం. స్ప్రింగు రింగు దాని గాడిలో పడింది. రెండోదీ అట్లాగే చేశాం. ఆ తర్వాత నూనె పోశాం, గొట్టాలు ఎక్కించాం, బ్రేకు తుడిచి చక్రం బిగించాం. అత్త రెండుసార్లు అన్నానికి పిలిచి, మా ముఖాలు చూసి వెనక్కి పోయింది.

అన్నీ అయ్యాక మామ బండి దింపి, ముందు బ్రేకు పట్టుకుని హ్యాండిలు మీద బరువు వేసి నొక్కాడు. ముందు భాగం మెత్తగా కిందికి పోయి, తొందర లేకుండా పైకి వచ్చింది. మళ్ళీ నొక్కాడు. వంగి చూశాడు, గొట్టాల మీద తడి లేదు. సూసొస్తాం అని అత్తతో చెప్పి బండి స్టార్టు చేశాడు. ఎక్కమన్నట్టు నా వంక చూశాడు. కూడలి దాకా పోయి వచ్చేదే కదా అని, సంచి కూడా తీసుకోకుండా వెనక కూర్చున్నాను.

ట్యాంకు మీద కూర్చున్నన్నాళ్ళూ ఆయన వీపు నేను చూడనే లేదు. ఇప్పుడు చూశాను. సర్టు మీద నూనె మరకలు, మెడ మీద నెరిసిన వెంట్రుకలు, భుజాలు రవంత వంగి ఉన్నాయి. దారిలో గుంతలన్నిటిలోనూ కావాలనే దింపుతున్నాడు. కూడలి వచ్చింది. మామా, తిప్పుకో అన్నాను. ఆయనకు వినబడలేదో, విననట్టు ఉన్నాడో, బండి తిరుపతి దారి పట్టింది.

నేను ఇంకేమీ అనలేదు. అంటే మనసు మార్చుకుంటాడేమోనని భయపడ్డాను. ఆ రోడ్డు ఇప్పుడు చాలా వెడల్పు, చింతచెట్లు ఒక్కటీ లేవు. పాకాల దాటాం. మబ్బుల కింద సాయంత్రం అవుతోందో, ఇంకా మధ్యాహ్నమే ఉందో తెలియకుండా ఉంది. బండి ఊగుతూ పోతుంటే నాకు ఆ పాత కునుకు వచ్చేసింది. మామ వీపుకు తల ఆనించాను. ఆయన ఒక చెయ్యి వెనక్కి తెచ్చి, నేను ఉన్నానో లేదో చూసినట్టు నా మోకాలు తట్టి, మళ్ళీ హ్యాండిలు పట్టుకున్నాడు. చంద్రగిరి కొండ ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు పోయిందో నాకు గుర్తు లేదు. కళ్ళు తెరిస్తే మా వీధిలో ఉన్నాం. ఇల్లు ఏదని ఆయన అడుగుతున్నాడు.

నా భర్త తలుపు తీసి, ఇద్దరి చేతులూ ముఖాలూ చూసి, పడిపోయారా అని కంగారుపడ్డాడు. మామ వాకిట్లోనే చెప్పులు విడిచాడు. పెరట్లో సబ్బుపొడితో చేతులు కడిగాడు, ఎంతకీ వదలని నలుపును గోళ్ళతో గీరి గీరి కడిగాడు. తర్వాత హాల్లోకి వచ్చి అమ్మ పటం ముందర నిలబడ్డాడు. నా భర్త ఏదో పలకరించబోతే నేను వద్దని సైగ చేశాను. మామ చేతులు కట్టుకుని, బడిలో ఆలస్యంగా వచ్చిన పిల్లవాడిలాగా నిలబడి ఉన్నాడు. పెదవులు కదిలాయి, ఏమన్నాడో నాకు వినబడలేదు. ఆ మాట నాది కాదు కాబట్టి నేను అడగనూ లేదు. ఫ్యాను తిరుగుతూ ఉంది. కాసేపటికి ఆయన నా వైపు తిరిగాడు.

"అన్నం ఉండాదా పాపా? ఆకలైతా ఉండాది."

నాకు తెలిసినప్పటినుంచి తిన్నావా అని ఆయన నన్ను అడగడమే. నన్ను ఆయన అన్నం అడగడం అదే మొదటిసారి. నేను వంటింట్లోకి పోయి, కుళాయి విప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. తర్వాత కంచం కడిగి, పప్పు వేడి చేసి, ఆయనకు అన్నం పెట్టాను.